గూలా పాలు తాగినవాడిని గూలా తినదు

ప్రశ్న ఇది: "మా పాపకి రాత్రిళ్లు చెబుదామని అరబ్బు జానపద కథల పుస్తకం ఒకటి తెచ్చాను. సగం పైగా కథల్లో ఎవరో ఒకరు మనుషుల్ని తింటూనే ఉన్నారు. ఒకదాంట్లో తండ్రి తన కొడుకునే తినేశాడు, పాపం తెలియక. ఆ దేశాల్లో ఒకప్పుడు నిజంగా ఈ అలవాటు ఉండేదా? లేకపోతే కథల నిండా ఇదే ఎందుకు?"

అలవాటు లేదు. ఘోరమైన కరువుల్లో జరిగింది. దానికి చూసినవాళ్లు రాసిపెట్టిన సాక్ష్యం ఉంది, ఆ సంగతి కింద చెబుతాను. కానీ మీ పుస్తకంలోని కథలు ఆ కరువుల్లోంచి పుట్టినవని నేననుకోను. అవి ఇంటి కథలు. మన ఇళ్లల్లో రోజుకి పదిసార్లు "నా ప్రాణాలు తినకు" అంటాం. అత్తగారు పీక్కుతింటోందంటాం. పిల్లాడు బుర్ర తినేస్తున్నాడంటాం. ఇవి విని తెలుగువాళ్లు నరమాంస భక్షకులని ఎవరైనా రాస్తే నవ్వుతాం కదా. అరబ్బు అవ్వలు ఆ మాటనే తీసుకుని, పొయ్యి మీద పెట్టి, కథ చేశారు.

నా గురించి రెండు ముక్కలు. ఇరవై ఏళ్లకు పైగా అరబ్బీ నుంచి అనువాదాలు చేస్తున్నాను. ఎక్కువ భాగం కాంట్రాక్టు కాగితాలు, మెడికల్ రిపోర్టులు. కథలు మాత్రం నా సొంత పిచ్చి. కొన్నేళ్లు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఉన్నాను. మా ఇంటి ఓనరు తల్లి పాలస్తీనా నుంచి వచ్చిన పెద్దావిడ. చలికాలం రాత్రుల్లో హీటర్ చుట్టూ మనవల్ని కూర్చోబెట్టుకుని ఈ కథలు చెప్పేది. నన్ను ఆశ్చర్యపరిచిందేమిటంటే, మనుషుల్ని తినే గూలా వచ్చే చోట ఆవిడ గొంతు కూడా మార్చేది కాదు. పక్కింటావిడ గురించి చెప్పినట్టే మామూలుగా చెప్పేది. ఈ కథల సంగతి నాకు అర్థం కావడం అక్కడే మొదలైంది.

ముందు ఈ గూలా ఎవరో చూద్దాం. మగదైతే గూల్, ఆడదైతే గూలా. పాలస్తీనాలో గూలే అంటారు. పట్టుకోవడం, నాశనం చేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట. ఇస్లాంకి ముందు నుంచీ ఉంది. అప్పటి దారిదోపిడీ కవి ఒకడున్నాడు, తఅబ్బత షర్రన్ అని. ఆ పేరుకి అర్థం "చంకలో కీడు పెట్టుకొచ్చినవాడు". ఎడారిలో చీకట్లో ఒక గూలాని కత్తితో కొట్టానని పద్యం చెప్పాడు. కొట్టాక అది "ఇంకో దెబ్బ వెయ్యి" అని అడిగిందట. ఇతను వెయ్యలేదు. మొదటి దెబ్బకి గూలా చస్తుంది, రెండో దెబ్బకి మళ్లీ బతుకుతుంది, అందుకని. తెల్లారాక చూస్తే పిల్లి తలలాంటి తల, చీలిన నాలుక. ఈ ఒక్క దెబ్బ నియమం ఈనాటి కథల్లో కూడా ఉంది. మీ పుస్తకంలో కూడా ఎక్కడో కనబడాలి, వెతకండి.

ఇస్లాం వచ్చాక "గూల్ అనేది లేదు" అని సహీహ్ ముస్లిం అనే సంపుటిలోని ఒక హదీసులో, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేదాంట్లో, సూటిగానే ఉంది. తొమ్మిదో శతాబ్దపు బస్రా రచయిత అల్ జాహిజ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఎడారిలో చాలాకాలం ఒంటరిగా తిరిగేవాడికి చిన్నది పెద్దదిగా కనబడుతుంది, లేనిది కనబడుతుంది, లేని చప్పుడు వినబడుతుంది, ఆ తర్వాత దాని మీద పద్యం కడతాడు అన్నాడు. పదకొండు వందల ఏళ్ల కిందటి మాట ఇది. అరబ్బీలో సామెత కూడా ఉంది: లోకంలో లేనివి మూడు, గూల్, అన్‌ఖా పక్షి, నమ్మకమైన స్నేహితుడు. అంటే గూల్ లేదని అందరికీ తెలుసు. తెలిసే చెప్పుకున్నారు. కావాలంటే ఆకాశంలో కూడా చూపించగలను: అల్గోల్ అనే నక్షత్రం పేరు "రఅస్ అల్ గూల్", గూల్ తల. మూడు రోజులకోసారి కాస్త తక్కువలో వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతుంది.

ఒక పొరపాటు ఇక్కడే సరిచేయాలి. సినిమాలు, వీడియో గేములు చూసినవాళ్లు గూల్ అంటే శ్మశానంలో శవాలు తవ్వుకు తినేది అనుకుంటారు. పాత అరబ్బు గూల్ అలాంటిది కాదు. అది దారితప్పిన బాటసారిని మోసం చేసి, బతికున్నవాడిని తింటుంది. శవాల సంగతి యూరపుకి బాగా ఎక్కించింది సీదీ నూమాన్ కథ. కొత్త పెళ్లికూతురు అన్నాన్ని చెవి గుబిలి తీసే పుల్లతో మెతుకు మెతుకు తింటుంటే మొగుడికి అనుమానం వస్తుంది. రాత్రి వెనకాలే వెళ్తే ఆవిడ గోరీల దగ్గర గూల్‌తో కలిసి శవం తింటూ కనబడుతుంది. అద్భుతమైన కథ, కాదనను. కానీ దీనికి అరబ్బీ మూలప్రతి దొరకలేదు. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు ఫ్రెంచి అనువాదకుడు గాలాన్‌కి చెప్పిన కథల్లో ఇదొకటి. గాలాన్ దాన్ని తన వెయ్యిన్నొక్క రాత్రుల్లో చేర్చాడు. శవాలు తినే లక్షణం గాలాన్ చేర్పేనని అహ్మద్ అల్ రావి అనే పరిశోధకుడు 2009లో వాదించాడు. అంత గట్టిగా నేను అనలేను, దియాబ్ నోట్లోనే ఉండి ఉండొచ్చు. ఏదేమైనా అవ్వలు చెప్పే కథల్లో శ్మశానం పెద్దగా ఉండదు. అక్కడ ఉండేది వంటిల్లు.

ఇప్పుడు అసలు విషయం. పాలస్తీనా, సిరియా, ఈజిప్టు కథల్లో హీరో గూలా ఎదుట పడే ఘట్టం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. గూలా తిరగలి ముందు కూర్చుని విసురుతూ ఉంటుంది. జుట్టు విరబోసుకుని, పొడుగాటి రొమ్ములు భుజాల మీంచి వెనక్కి వేసుకుని. కొన్ని పాఠాల్లో ముందే హెచ్చరిక ఉంటుంది: పంచదార విసురుతుంటే మంచి మూడ్‌లో ఉన్నట్టు, ఉప్పు విసురుతుంటే దగ్గరికి పోవద్దు. మనవాడు వెనక నుంచి మెల్లిగా వెళ్లి కుడి రొమ్ము పాలు తాగుతాడు, ఎడమ రొమ్ము పాలు తాగుతాడు, తర్వాత ఎదురుగా వచ్చి సలాం చెబుతాడు. గూలా అంటుంది: "నీ మాటకంటే ముందు నీ సలాం రాకపోయి ఉంటే నీ మాంసం తిని నీ ఎముకలు కొరికేదాన్ని." ఆ తర్వాత, నా పాలు తాగావు కాబట్టి నువ్వు నా కన్నకొడుకులతో సమానం అంటుంది. కాసేపటికి ఆమె కొడుకులు ఇంటికొస్తారు. మన రాక్షసుల కథల్లో "నరవాసన, నరవాసన" అన్నట్టే వాళ్లూ మనిషి వాసన వస్తోందంటారు. వీడు మీ తమ్ముడు, ముట్టుకుంటే ఊరుకోను అని ఆవిడ అడ్డుపడుతుంది.

ఇది పిల్లల కథలోని ఏదో గమ్మత్తు అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఇస్లామిక్ చట్టంలో పాలబంధం రక్తబంధంతో దాదాపు సమానం. పాలిచ్చిన తల్లి, ఒకే తల్లి పాలు తాగిన అక్కచెల్లెళ్లు పెళ్లికి పనికిరారని ఖురాన్ నాలుగో అధ్యాయం 23వ వాక్యంలోనే ఉంది. మన పల్లెల్లో కూడా పాలిచ్చిన తల్లి మీద అభిమానం ఉంటుంది గానీ, పెళ్లి సంబంధాల లెక్కలోకి అది రాదు. అక్కడ వస్తుంది. కాబట్టి హీరో చేసేది దొంగతనం కాదు, ఒక రకంగా రిజిస్ట్రేషన్. రెండు గుక్కల పాలతో తిండి కావాల్సినవాడు కొడుకయ్యాడు. తినేది, తినిపించేది ఒకే శరీరం. ఏది బయటపడుతుందన్నది నువ్వు ఎలా దగ్గరికి వెళ్లావన్న దాని మీద ఉంది.

మగ గూల్ దగ్గర ఇంకో పద్ధతి. వాడు కళ్లమీద పడే జుట్టుతో, మాసిన గడ్డంతో కూర్చుని ఉంటాడు. హీరో సలాం చెప్పి, కూర్చోబెట్టి, గడ్డం గీసి కనుబొమలు కత్తిరిస్తాడు. వాడు కరిగిపోయి, "దారి నాకు తెలీదు, మా అక్కని అడుగు, నాకంటే ఒక రోజు పెద్దది, ఒక ఏడాది తెలివైనది" అని పంపిస్తాడు. ఈ లెక్క విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

బయటి గూలాకి పాల మందు ఉంది. ఇంట్లో గూలాకి మందు లేదు. నిజమైన భయం అక్కడే మొదలవుతుంది. చెల్లెలు గూలా అయిన కథ ఒకటుంది. కొడుకులే ఉన్న ఇంట్లో లేక లేక ఆడపిల్ల పుడుతుంది. రాత్రిళ్లు గొర్రెలు మాయమవుతుంటాయి. కాపలా కాసిన అన్న, ఉయ్యాలలోంచి దిగి వెళ్లి గొర్రెని తింటున్న చెల్లెల్ని చూస్తాడు. చెబితే ఎవరూ నమ్మరు, పైగా ఇంట్లోంచి తరిమేస్తారు. ఏళ్ల తర్వాత గుర్రం మీద తిరిగొచ్చేసరికి ఊళ్లో ఎవరూ మిగలరు, చెల్లెలు ఒక్కతే. ఆప్యాయంగా లోపలికి పిలిచి కూర్చోబెడుతుంది. బయటికెళ్లి వచ్చి, "అన్నా, నీ గుర్రానికి మూడు కాళ్లా?" అంటుంది. అవునమ్మా, మూడే అంటాడు. మళ్లీ వెళ్లొచ్చి, "రెండు కాళ్లా?" అవును, రెండే. చివరికి "అన్నా, అసలు గుర్రం మీద వచ్చావా, నడిచొచ్చావా?" నడిచే వచ్చానమ్మా. ఎన్ని దయ్యాల సినిమాలు చూసినా ఈ సంభాషణకి సాటి వచ్చేది నాకు దొరకలేదు. కత్తీ రక్తమూ ఏమీ కనబడవు, ఒప్పుకోవడమే ఉంది. తెలిసి కూడా అవునంటూ కూర్చునే మనుషులు ఏ ఇంట్లో లేరు?

భార్య మాట వినని మొగుడి కథ దీనికి తోడు. మేనత్తనని చెప్పుకుని ఒక ముసలావిడ పేద కుటుంబాన్ని తన ఇంటికి తీసుకెళ్తుంది. తిండికి లోటు లేదు. ఆవిడ గూలా అని భార్యకి అర్థమైపోతుంది. మొగుడికి చెబితే, మా అత్త మనకి ఇంత పెడుతుంటే నీకు కుళ్లు అంటాడు. ఆమె పిల్లల్ని తీసుకుని పారిపోతుంది. చివరికి గూలా "నిన్ను ఎక్కడి నుంచి మొదలుపెట్టి తినమంటావ్?" అని అడుగుతుంది. ఒక్కో చోట ఒక్కోలా జవాబు. చెవులని కొందరు, గడ్డమని కొందరు. "నా పెళ్లాం మాట వినలేదు కదా, అక్కణ్నుంచే మొదలుపెట్టు" అంటాడు. ఈ కథలు చెప్పేది ఎవరో గుర్తుపెట్టుకోండి. పెద్దవయసు ఆడవాళ్లు, ఇంట్లో, ఆడవాళ్లకీ పిల్లలకీ. పాలస్తీనాలో దీన్ని హికాయె అంటారు. ఇప్పుడది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మగవాళ్లు కాఫీ గదుల్లో చెప్పుకునే వీరగాథలు వేరు, వాటిలో వంటింటి వాసన తక్కువ.

ఇక మిమ్మల్ని కలవరపెట్టిన కథ. తండ్రి కొడుకుని తినడం. అది ఆకుపచ్చ పిట్ట కథ అయి ఉంటుంది. సవతి తల్లి పిల్లాడిని చంపి వండుతుంది, తండ్రి తెలియక తింటాడు, అక్క మాత్రం ముట్టుకోదు. ఎముకలు ఏరి పాతిపెడుతుంది. వాడు ఆకుపచ్చ పిట్టయి ఊరంతా తిరుగుతూ పాడతాడు: నన్ను మా నాన్న పెళ్లాం కోసింది, మా నాన్న నా మాంసం తిన్నాడు, మా అక్క నా ఎముకలు ఏరింది. ఇది అరబ్బుల సొత్తేమీ కాదు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లోనే ఇలాంటిది అచ్చువేశారు. జానపద కథలకి నంబర్లు వేసి వర్గాలు చేసిన పండితుల లెక్కలో ఇది 720వ నంబరు కథ. కానీ అరబ్బు అవ్వల చేతిలో దాని బరువు తండ్రి మీదికి జరిగింది. గూలా ఎవరూ లేరు ఇందులో. పళ్లెంలో ఏముందో అడగకుండా తిన్న తండ్రి ఉన్నాడు, అంతే. మొదటి భార్య పిల్లల్ని సవతి చేతిలో పెట్టి నిశ్చింతగా పనికిపోయిన ప్రతి తండ్రికీ ఇది తగులుతుంది. ఖురాన్‌లో కూడా ఈ మాట వాడిన తీరు చూడండి. 49వ అధ్యాయంలో, వెనకాల చెడు మాట్లాడటం చచ్చిన సోదరుడి మాంసం తిన్నట్టు అన్నారు. అంటే సొంతవాళ్ల మాంసం తినడమనేది ఆ భాషలో ఇంటి ద్రోహానికి పేరు, చాలాకాలంగా.

ఇప్పుడు కరువు సంగతి. 1200లో నైలు నదికి వరద సరిగా రాలేదు. తర్వాత రెండేళ్లు ఈజిప్టు నరకం. అప్పుడు బాగ్దాద్ వైద్యుడు అబ్దుల్ లతీఫ్ కైరోలో ఉన్నాడు, చూసింది రాశాడు. కాల్చిన పసిపిల్లని బుట్టలో పెట్టి అధికారి దగ్గరికి తీసుకురావడం, పక్కన ఆ పిల్ల తల్లిదండ్రులు. వాళ్లని కాల్చమని ఉత్తర్వు. మొదట్లో జనం వణికిపోయారట, తర్వాత అలవాటు పడ్డారట. చదవడం కష్టం, రాత్రిపూట అసలు చదవకండి. (అదే పుస్తకంలో, చచ్చినవాళ్ల ఎముకల గుట్ట పరీక్షించి, కింది దవడ రెండు కాదు ఒకే ఎముక అని గ్రీకు వైద్యుడు గాలెన్‌ని సరిదిద్దాడు ఈయన. అంతటి చీకట్లో కూడా దవడలు లెక్కపెట్టిన మనిషి.)

ఆ కరువు కథల్లోకి వచ్చిందా? గూలా ముఖంతో రాలేదు. గూలా కరువుకి ఎన్నో వందల ఏళ్ల ముందునుంచే ఉంది, పైగా ఆవిడ ఇంట్లో ఎప్పుడూ సరుకు నిండుగానే ఉంటుంది. నిజమైన ఆకలి కనబడేది ఇంకో కథలో. రాజు మాయలాడి పెళ్లాం మాట విని మిగతా రాణుల కళ్లు తీయించి పాడుబావిలో పడేయిస్తాడు. అందరూ గర్భిణులు. ఒక్కొక్కరికి బిడ్డ పుట్టినప్పుడల్లా పంచుకుని తింటారు. చిన్నరాణి మాత్రం తన వాటా తినకుండా దాస్తుంది. తన వంతు వచ్చినప్పుడు దాచిన ముక్కలు వాళ్లకిచ్చి తన బిడ్డని కాపాడుకుంటుంది. ఆ పిల్లాడు పెద్దయి అందరినీ బయటికి తెస్తాడు. బిడ్డల్ని తిన్న రాణుల్ని కథ శిక్షించదు చూడండి, గూలాలని పిలవదు. ఆకలితో తినడం వేరు, ఆకలి లేకుండా తినడం వేరు అని అవ్వలకి తెలుసు.

ఈ కథ మనకి కొత్తది కాదు. ఇదే కథ బెంగాల్లో ఉంది. లాల్ బిహారీ డే 1883లో అచ్చువేసిన జానపద కథల్లో ఏడుగురు రాణులు, ఒక రాక్షసి సవతి, ఆరుగురు తిన్నారు, ఏడో ఆవిడ దాచింది. చివరికి మిగిలిన ఆ ఒక్క పిల్లాడికి ఏడుగురూ పాలిస్తారు. మళ్లీ పాలే! ఈ కథ అటు నుంచి ఇటు వచ్చిందా, ఇటు నుంచి అటు వెళ్లిందా అని కొట్టుకోవడం కంటే, రెండు చోట్లా సవతుల ఇళ్లుండేవి అన్నది నాకు ముఖ్యంగా కనబడుతుంది.

సింద్‌బాద్ కథలు మీ పుస్తకంలో ఉంటే వాటిని ఈ గుంపులో కలపకండి. నాలుగో ప్రయాణంలో మతి పోగొట్టే తిండి పెట్టి, మనుషుల్ని పశువుల్లా మేపి, లావెక్కాక తినేవాళ్లు వస్తారు. తినకుండా చిక్కిపోయి సింద్‌బాద్ బతుకుతాడు. అది ఓడ మనుషుల కథ. దూరపు దీవులవాళ్లు మనుషుల్ని తింటారనే పుకారు దాని వెనక ఉంది. 851 నాటి అరబ్బు యాత్రా గ్రంథం అండమాన్ వాసుల గురించి కూడా ఇదే రాసింది. అది అబద్ధం, అక్కడివాళ్లు నరమాంస భక్షకులనడానికి ఆధారం లేదు. పరాయివాడు మనుషుల్ని తింటాడనడం ఓడ సరంగుల అలవాటు. అవ్వలు మాత్రం ఆ పని మేనత్త, చెల్లెలు, సవతి తల్లి చేస్తారన్నారు. నాకు అవ్వలే నిజాయితీపరులుగా కనబడతారు.

పాపకి చెబుదామని తెచ్చానన్నారు కాబట్టి నా సలహా. వయసు రాయలేదు మీరు. ఐదారేళ్లయితే నుస్స్ న్సైస్ కథతో మొదలుపెట్టండి. తండ్రి దారిలో దానిమ్మ పండు సగం తినేయడంతో సగం మనిషిగా పుట్టిన కుర్రాడు గూలేని బోల్తా కొట్టిస్తాడు, పిల్లలు పగలబడి నవ్వుతారు. అల్జీరియా వైపు మ్‌ఖీదెష్ కూడా ఇలాంటి పొట్టివాడే. అయితే వాడు ఎక్కువగా కబైలీ భాషవాడు, అంటే అరబ్బు కాదు, అమజీగ్ (బెర్బర్లంటారే, ఆ ఉత్తర ఆఫ్రికా జాతివాడు). పైగా కొన్ని పాఠాల్లో వాడు గూలా కూతుర్నే వండి గూలాకి వడ్డిస్తాడు. అది ఇప్పుడు వద్దు. పాలు తాగే ఘట్టం, సలాం మాట దాచకుండా చెప్పండి. ఆకుపచ్చ పిట్ట ఇంకో మూడేళ్లు ఆగొచ్చు.

పెద్దవాళ్లు వీటికి భయపడటం కొత్త కాదు. 1989లో అచ్చయిన 45 పాలస్తీనా కథల సంపుటి ఉంది, దాని అరబ్బీ ప్రతిని 2007లో బడి గ్రంథాలయాల నుంచి తీసేయమని అక్కడి విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. అభ్యంతరం దేనికంటే అందులోని పచ్చి మాటలకి. పిల్లల్ని వండటానికి కాదు.